రెండు నోటీసులు, తలుపు లేని ఇల్లు

గౌరవనీయులైన పట్టణ ప్రణాళికాధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: సొంత ఇంట్లోంచి బయటికి వచ్చేందుకు గోడలో తలుపు తీసుకోవడానికి అనుమతి కోరుట గురించి.

ఈ మంగళవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు నా ఇంటి గోడ ఆఖరి సంచితో పైన కలిసి మూసుకుపోయింది. ఆ సమయానికి నేను లోపల ఉన్నాను. ఇంటికి తలుపు లేదు. ఈ అర్జీ రాస్తున్న గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు కూడా ఈ విషయాల్లో మార్పు లేదు. పూర్వాపరాలు తమ పరిశీలనార్థం కింద మనవి చేసుకుంటున్నాను.

1. మట్టితో ఇల్లు కట్టుకోవడం, కరెంటు తీగ, కుళాయి కనెక్షను లేకుండా బతకడం నేర్పే ఎనిమిది వారాల శిక్షణలో పన్నెండు మందిమి చేరాం. అందులో నల్లబల్ల లేదు, పుస్తకం లేదు, చేస్తూ నేర్చుకోవడమే. చీటీలు వేస్తే నా పేరు వచ్చింది కనుక పాఠం ఇల్లు నా స్థలంలోనే కడుతున్నాం. సంచుల్లో తడిమట్టి దట్టించి, గుండ్రంగా వరసలు పేర్చి, వరసకూ వరసకూ మధ్య ముళ్లతీగ పరుస్తాం. పైకి పోయేకొద్దీ వలయం చిన్నదవుతుంది. చివరికి ఇల్లు బోర్లించిన గిన్నెలా మూసుకుంటుంది. లోపలి వెడల్పు పన్నెండు అడుగులు, ఎత్తు పదమూడు. ఇల్లు చాలా గట్టిగా ఉంది. ఇబ్బందల్లా అదే.

2. మా మాస్టారికి జ్వరం వచ్చి ఆరు రోజులు రాలేదు. ఫోన్లో ఆయన చెప్పింది ఇంతే: "రెండు జట్లుగా విడిపోండి. చెరో సగం కట్టండి. తలుపు దగ్గర మాత్రం సంచులు పెట్టకండి." తలుపు ఎవరి సగంలో అన్నది ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. ఉత్తరపు సగానికి పళ్ల డాక్టరమ్మ పెద్ద. దక్షిణపు సగానికి డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన పెద్ద. ఎవరు ముందు పూర్తి చేస్తారా అని పోటీ పడ్డారు. తలుపు అవతలి వాళ్ల సగంలో ఉందని ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్మారు. అందరూ నిచ్చెన మీదుగా ఎక్కి దిగడానికి అలవాటు పడ్డాక, గోడలోంచి నడిచి వెళ్లాల్సిన అవసరం ఎవరికీ తట్టలేదు.

నా పని లోపల. మధ్యలో పాతిన గుంజకు కట్టిన తాడుతో వలయం కొలవడం. గుండ్రం తప్పుతోందా అని ఆరు రోజులు చూశాను. తలుపు ఉందా అని ఒక్కరోజూ చూడలేదు. ఈ తప్పు నాది.

మంగళవారం నాలుగుంబావుకు మాస్టారు వచ్చారు. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగారు. మెచ్చుకుంటారని అందరూ నిలబడ్డారు. ఆయన ఇంకోసారి తిరిగారు.

"తలుపేదమ్మా?"

"అది వాళ్ల వైపు మాస్టారూ," అంది డాక్టరమ్మ.

"మా వైపెందుకుంటుంది మేడమ్? ద్వారబంధం మీ గోడకే కదా ఆనించి ఉంది!" అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన.

"ఆనించి ఉంటే మాదైపోతుందా? మీ కారు రోజూ మా గేటు ముందే ఆపుతారు. అదీ మాదేనా?"

"నా దగ్గర నేర్చుకునే పిల్లలే నయం. కనీసం అద్దంలో వెనక్కి చూస్తారు."

"ముందు నోరు తెరిచి అడగడం నేర్చుకోండి. నా దగ్గరికొచ్చే వాళ్లంతా అది చేస్తారు."

ఈ సంభాషణను గోడలో పొయ్యి పొగ కోసం పెట్టిన గొట్టంలోంచి విన్నాను. గొట్టం జానెడు వెడల్పు. మాటలు ముప్పై అయిదు నిమిషాలు సాగాయి. ఆ ముప్పై అయిదు నిమిషాల్లో ఒక్కరు గునపం పట్టినా ఈ అర్జీ అవసరం ఉండేది కాదు.

3. నాలుగూ యాభైకి తమ శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చారు. ఎవరో గ్యాస్ ట్యాంకు కడుతున్నారని పక్క స్థలం యజమాని ఫిర్యాదు చేశారట. ఆయన గోడకు నోటీసు అంటించారు. తనిఖీ పూర్తయ్యే వరకు ఈ కట్టడానికి ఏదీ చేర్చరాదు, దాని నుంచి ఏదీ తీయరాదు, రంధ్రం చేయరాదు. అతిక్రమిస్తే కూల్చివేత అన్నది దాని సారాంశం. నేను గొట్టంలోంచి పలకరించేసరికి ఆయన ఎగిరిపడ్డారు.

"ఎవరది?"

"ఇంటి యజమానిని బాబూ."

"బయటికొచ్చి సంతకం పెట్టండి సార్."

"అదే కుదరడం లేదు."

ఆయన రసీదు కాగితాన్ని చుట్టి గొట్టంలో వేశారు. సంతకం పెట్టి పంపాను. నోటీసు అందలేదని నేను ఎక్కడా అనడం లేదు.

4. బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు అగ్నిమాపక శాఖ వారు వచ్చారు. ప్రాణాపాయం ఉంటే నోటీసు ఉన్నా గోడ పగలగొట్టే అధికారం తమకు ఉందని వారి పెద్ద చెప్పారు. నాకు ఆశ కలిగింది. తర్వాత ఆయన గొట్టం దగ్గర చెవి పెట్టి ప్రశ్నలు అడిగారు.

"గాలి ఆడుతోందా?"

"ఆడుతోంది. కింద నాలుగు, పైన నాలుగు గాలి రంధ్రాలున్నాయి. పిడికిలి పట్టేంతవి."

"నీళ్లు?"

"బయట దిమ్మె మీద వాననీటి డ్రమ్ము ఉంది. దాని కుళాయి లోపలికి వచ్చింది."

"దీపం?"

"సోలారుది వెలుగుతోంది."

"మరి... అదీ?"

"రంపపు పొట్టుతో పనిచేసే మరుగుదొడ్డి. మూడో వారం పాఠం. వాసన లేదు."

అబద్ధం ఆడితే అరగంటలో బయటపడేవాణ్ణి. ఆ ఆలోచన నాకు మధ్యాహ్నం వచ్చింది.

"మా అమ్మాయి ఉంటున్న అద్దె గదిలో ఇందులో సగం లేవండీ," అన్నారాయన. కాగితం మీద రాసుకున్నది పైకి చదివి వినిపించారు: "చిక్కుకున్న వ్యక్తి కాదు. నివాసి." బండి వెళ్లిపోయింది. ఎనిమిది వారాల్లో మేం నేర్చుకున్న ప్రతి పాఠమూ బాగా పనిచేయడం వల్ల నాకు జరిగిన నష్టం ఇది.

5. ఆ కాగితం నకలు తమ కార్యాలయానికి చేరింది. బుధవారం పదకొండు గంటలకు అదే ఇన్‌స్పెక్టరు వచ్చి రెండో నోటీసు అంటించారు. నివాసయోగ్యతా పత్రం లేని కట్టడంలో నివసిస్తున్నందున నలభై ఎనిమిది గంటల్లో ఖాళీ చేయాలి; చేయకపోతే కూల్చివేత. గడువు శుక్రవారం ఉదయం పదకొండు.

"బాబూ, రంధ్రం చేయకుండా ఎలా ఖాళీ చేయను?"

"అది నా పరిధిలోకి రాదు సార్. అంటించడం వరకే నా డ్యూటీ."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఆ పాము మీదా కప్ప మీదా కూడా తమ సంతకమే ఉంది.

6. నా భార్య దర్జీ. మొదటి నుంచీ ఈ ఇల్లు ఆమెకు ఇష్టం లేదు. "మనుషులుండే ఇంటికి మూలలుండాలి. గుండ్రటి గోడకి బీరువా ఎలా ఆనిస్తారు?" అన్నది ఆమె ప్రశ్న. ప్రస్తుతం గొట్టంలోంచి నాకు ఉడికించిన గుడ్లు దొర్లిస్తున్నది ఆమే. ఏడింటిలో మూడు చితక్కుండా చేరాయి.

"ముప్పయ్యేళ్లు ఎవరింట్లో ఏం జరిగిందో పేపర్లో రాశారు. మీ ఇంటికి తలుపుందో లేదో చూసుకోలేదు," అంది మంగళవారం.

"పని ధ్యాసలో పడ్డాను."

"జరగండి, గునపం తెచ్చా."

"వద్దు. నోటీసుంది."

"నోటీసు గోడకిచ్చారు. నాకివ్వలేదు."

ఆమెను ఇంతవరకు ఆపగలిగాను. ఇక మీదట ఆపగలనని హామీ ఇవ్వలేను.

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు బయట నలభై ఒక్క డిగ్రీలు. ఆమె గొట్టంలో చేయి పెట్టి, "లోపలెంత?" అని అడిగింది. థర్మామీటరు చూసి ఇరవై ఆరని చెప్పాను. "నిజం చెప్పండి," అంది. ఇరవై ఆరే అన్నాను. కాసేపటికి గొట్టం పక్కనే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. సాయంత్రం దాకా ఆగలేదు.

7. పైన మూసిన సంచి తీసి బయటికి రావచ్చు కదా అని తమకు తోచవచ్చు. నాకూ తోచింది. నిచ్చెన బయట ఉంది. అంతేకాక ఏదీ తీయరాదని మొదటి నోటీసులో ఉంది.

అయ్యా, పన్నెండు మందిమి ఎనిమిది వందల సంచులు మోశాం. డాక్టరమ్మ చేతికి బొబ్బలు, మరో ముగ్గురికి నడుము నొప్పి. నేను బయటికి రావడం ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఇల్లు నిలబడాలి. అందులో మేం ఉండాలి. రంధ్రం చేస్తే కూలుస్తారు, చేయకపోతే శుక్రవారం కూలుస్తారు. కావున తమరు దయచేసి,

(అ) ఆరడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు గల ఒక్క తలుపు మేరకు మొదటి నోటీసును సడలించవలసిందిగా, లేదా

(ఆ) రెండో నోటీసు గడువు పొడిగించవలసిందిగా, ఆ రెండూ వీలుకాని పక్షంలో

(ఇ) ఏ నోటీసును అతిక్రమించమంటారో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

గొట్టంలోంచి పంపడం వల్ల ఈ కాగితం చుట్టుకుపోయి ఉంటుంది. బరువు పెట్టి పరిచి, శుక్రవారం పదకొండుకు ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(తమ రికార్డు ప్రకారం) నివాసి

తా.క.: సార్, ఇది రాస్తున్నది ఆయన కాదు, వాళ్లావిడని. కాగితం నా చేతుల మీదుగానే మీ దగ్గరికి రావాలి కాబట్టి కింద మిగిలిన చోట రాస్తున్నా. ఆయన రెండున్నర అడుగులు అడిగారు. గుడ్డ కత్తిరించే నా బల్ల పడుకోబెట్టినా అందులో పట్టదు. నా కొట్టు రేకుల షెడ్డు సార్, మధ్యాహ్నం అయ్యేసరికి ఇస్త్రీపెట్టె లేకపోయినా బట్టలు ఇస్త్రీ అయిపోతాయి. అందుకని ఇందాక గోడ మీద నేనే సుద్దతో తలుపు గీశాను. ఆరున్నర ఎత్తు, నాలుగు వెడల్పు. మూడుసార్లు కొలిచాను. సుద్ద గీయడం రంధ్రం కాదు కదా. బీరువా అమ్మేస్తాను, అది నా తలనొప్పి.

పైన సంచులు జారకుండా దూలం ఎలా పెట్టాలో మాస్టారు చూసుకుంటానన్నారు. రేపు పదిన్నరకు ఆయనా, రెండు జట్ల వాళ్లూ వస్తున్నారు. ఈసారి సగాలూ గిగాలూ లేవు, అందరూ ఒకే వైపు. మీ ఇన్‌స్పెక్టరు తమ్ముణ్ణి పదకొండుకు పంపండి, పాపం ఎండలో తిరుగుతున్నాడు. అనుమతి కాగితం తెస్తే సంతోషం. ఇంకో నోటీసు తెస్తే మాత్రం సుద్ద గీత లోపల అంటించొద్దని చెప్పండి, ఎందుకంటే పదకొండూ అయిదుకి అక్కడ గోడ ఉండదు.