లుమెలా భాషలో మూడు గుర్రం

లింజ్, ఆస్ట్రియా, 1909 మార్చి

పంతులమ్మ ఇర్మా సాబో గారికి, మందుల దుకాణం ఒత్‌మార్ క్లింగర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నేను ఏళ్లతరబడి కూర్చుని సొంతంగా కల్పించిన లుమెలా భాషని మీరు నెలలో నేర్చేసుకున్నారు! ఆ భాష వచ్చినవాళ్లం లోకంలో ఇప్పుడు ఇద్దరమయ్యాం. కనక పరిషత్తు పెట్టేశాను. నేను అధ్యక్షుణ్ణి, మీరు సభ్యులు. నియమాలు మార్చాలంటే ఓటింగే. జూన్‌లో మహాసభ, తప్పక రావాలి. లేకపోతే నా ఉపన్యాసం నేనే వినాలి.

ఇట్లు, ఒత్‌మార్

తా.క. ఎంతమంది వస్తారని హాలువాడు అడిగాడు. చాలామంది అన్నాను. లుమెలాలో ఒకటి దాటితే బహువచనమే కదా.

సోప్రాన్

గురువుగారికి నమస్కారాలు.

అంతా వచ్చింది గానీ, మీ లుమెలా పుస్తకంలో ఐదో పాఠం మాత్రం మింగుడు పడలేదు. అంకెకీ బహువచనం, గుర్రానికీ బహువచనమా? "మూడులు గుర్రాలు" అనాలంటే నాలిక మడత పడుతోంది. మా హంగరీలో హాయిగా "మూడు గుర్రం" అంటాం. మూడు అన్నాక అది ఒకటి కాదని గుర్రానికి కూడా తెలుస్తుంది. మార్చమని నా ఓటు.

మీ ఇర్మా

తా.క. మీరు పంపిన దగ్గుమందు దివ్యంగా పనిచేసింది.

లింజ్

ఇర్మా గారికి,

ఓటింగు జరిగింది. అటొకటి, ఇటొకటి. అధ్యక్షుడి హోదాలో మీ సవరణ తోసిపుచ్చాను. గుర్రాన్ని అడిగి వ్యాకరణం రాయను.

అధ్యక్షుడు

తా.క. ఈ ఉత్తరం లుమెలాలోనే రాద్దామనుకున్నాను. కోపానికి మాట ఇంకా తయారుచెయ్యలేదు.

సోప్రాన్

అధ్యక్షులవారికి,

రాజీనామా. నేను కొత్త లుమెలా పెట్టుకున్నాను. మా పరిషత్తులో అధ్యక్షురాలూ, సభ్యురాలూ నేనే. ఓటింగంతా ఏకగ్రీవం. మీ మహాసభకి రాను.

ఇర్మా సాబో

తా.క. దగ్గు మళ్లీ వచ్చింది. మందు అడగడం లేదు, ఊరికే చెబుతున్నాను.

లింజ్, మే 3

ఇర్మా గారికి,

మీరు వెళ్లిపోయాక నా భాష నాకే వినబుద్ధి కావడం లేదు. ఒక్కడే మాట్లాడుకునే దాన్ని భాష అనరు, పిచ్చి అంటారు. ఐదో పాఠం కొట్టేశాను. మూడు గుర్రం. దయచేసి రండి.

మీ ఒత్‌మార్

తా.క. మందు వేరే పార్సెల్లో వస్తోంది.

సోప్రాన్, మే 3

గురువుగారికి,

మీ జవాబు కోసం చూడకుండా రాస్తున్నాను. ఏకగ్రీవం ఇంత దిగులుగా ఉంటుందనుకోలేదు. మీరే గెలిచారు. మూడులు గుర్రాలు, నూర్లు గుర్రాలు, మీ ఇష్టం.

ఇర్మా

సోప్రాన్, మే 7

గురువుగారికి,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఉంటాయి. ఇప్పుడు మీరు నా వైపు, నేను మీ వైపు. మళ్లీ అటొకటి, ఇటొకటి! మహాసభలోనే తేల్చుకుందాం, వస్తున్నాను. ఇంకో సంగతి గమనించారా? ఇంత పోట్లాటా జర్మన్‌లోనే ఆడాం. లుమెలాలో ఒక్క వాక్యమైనా రాసుకోలేదు. స్టేషన్లో దిగగానే మొదటి మాట అందులోనే చెబుతాను.

మీ ఇర్మా

తా.క. ఆ మాట తయారుచేసుకున్నాను. "నువ్వూ, నేనూ" అని మొదలవుతుంది. అందులో అంకె లేదు, ఓటింగు అక్కర్లేదు.