కొవ్వూరు కప్పలు

మాస్టారూ,

ఇవాళ మీ సంవత్సరీకం. గోదురుకప్పల డీఎన్ఏ రిపోర్టు నిన్ననే వచ్చిందండి. మధ్యలో గోదావరి ఉండబట్టి రాజమండ్రి కప్పలూ కొవ్వూరు కప్పలూ ఏనాడో వేరుపడ్డాయని మీరు క్లాసులో చెబితే మేం నవ్వేవాళ్లం. నిజంగానే రెండు గట్లవీ వేరువేరు వంశాలట.

కానీ రాజమండ్రిలో, మీ ఇంటి వెనక కాలవలో పట్టినవాటిలో కొన్ని కొవ్వూరు వంశంవే. అందుకని కప్పలు నది దాటుతూనే ఉన్నాయి, మీ మాట నిలవదు అని రిపోర్టులో రాశారు.

అవి దాటలేదండి. పదేళ్ల కిందట, శాంపిల్ తీశాక కొవ్వూరు కప్పల్ని పట్టినచోటే వదిలేసి రమ్మని మీరు నన్ను పంపారు. వాన పడుతోందని బకెట్టు మీ వెనక కాలవలోనే బోర్లించేశాను. కాసేపాగి తడుస్తూ వస్తే, "వదిలేశావా?" అన్నారు. "వదిలేశానండి" అన్నాను. తువ్వాలిచ్చి, నాకు టీ పెట్టమని అమ్మగారికి చెప్పారు.

రిపోర్టు రాసినవాళ్లకి ఇంకా ఏమీ చెప్పలేదు.

పొద్దున అమ్మగారు అడిగారు, "ఏం తేలింది బాబూ, ఆయన మాటే నిజమా?" అని.

"రిపోర్టు ఇంకా రాలేదండి" అన్నాను.

ఆ రోజులాగే టీ ఇచ్చారు. ఆ రోజులాగే తాగేశాను.