ఎడమవైపు యాభై ఎనిమిది కిలోలు

తమ్ముడూ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. మధ్యాహ్నం కారు పందేనికి బయల్దేరేముందు ఇవి చూసుకో. పాత వ్యానులోంచి తీసి పెట్టిన పెద్ద రేడియేటర్‌కి క్లిప్పులు మళ్ళీ బిగించాను, నీళ్ళు నిండా పోశాను. బానెట్‌కి కోసిన కంతల మీద స్టిక్కర్లు అంటించకు, ఈ ఎండలో వేడి పోయే దారి అదొక్కటే. ఇంజను వేడి చూపించే ముల్లు ఎరుపులోకి వెళ్తే లోపలి హీటర్ ఫుల్లుగా తిప్పు. నువ్వు ఉడికిపోతావు గానీ ఇంజను బతుకుతుంది.

బరువు తగ్గాలని ఎడమవైపు సీటు పీకేశావు, నాతో ఒక్క మాటైనా అనకుండా. పోయేదాకా నాన్న కూర్చున్న సీటురా అది! పొద్దున నాలుగు చక్రాల కిందా తూకం మిషన్లు పెట్టి చూశాను. సీటు బరువు పన్నెండు కిలోలు తగ్గాల్సింది పోయి, ఎడమవైపు ఉండాల్సినదానికంటే యాభై ఎనిమిది ఎక్కువ చూపించింది. మిషన్లు అటూ ఇటూ మార్చినా అంతే. ఆస్పత్రిలో చివరిసారి తూచినప్పుడు నాన్న సరిగ్గా అంతే ఉన్నాడు.

"నాన్నా, ఒక్క నిమిషం దిగవా" అన్నాను. స్ప్రింగు కిర్రుమంది, అంకె తగ్గిపోయింది. వెనక్కి చూడకుండా వచ్చేశాను.

ఆ సీటు మళ్ళీ బిగించు.

అక్క

మర్చిపోయాను. సీటు పెట్టాక ఇంకోసారి తూచు. ఆ యాభై ఎనిమిదీ కనబడితేనే బయల్దేరు. వెంటనే రాకపోతే విసుక్కోకు, కాసేపు ఆగు. మోకాళ్ళ నొప్పులు కదా, ఎక్కడానికి టైం పడుతుంది.