తాత కొలత

జూన్ 4
చీపురుపల్లి టీచరమ్మ ఆటోలో వీణ తెచ్చింది. మా తాత సేసిన వీణ. దండి వంగిపోయింది, ఇంక వాయించలేరు. అచ్చంగా అలాటిదే ఇంకోటి కావాలట. "మీ ఇప్పటి వీణలొద్దే తల్లీ. మీటితే మూడు లెక్కెట్టేలోపు నాదం ఆగిపోతన్నాది" — మొహం మీదే అనేసింది. కోపం వచ్చింది. నిజమేనేమో అని భయం కూడా.

జూన్ 5
నాన్నకి సెప్పాను. "ఏటే దానికంత ఆలోసన? మా అయ్య కొలత సెక్క ఉన్నాది కదా, దాని ప్రకారం సేసెయ్యి." ఆ సెక్కంటే మా ఇంట్లో దేవుడు. దాని గాటు ఎంతుంటే వీణ కుండ గోడ అంత మందం. ఇరవయ్యేళ్లుగా నేనూ అలాగే తొలుస్తన్నాను.
కొలత తాతదే అయితే నాదం తాతది ఎందుకు రాదు?

జూన్ 9
పాత వీణ పైపలక ఊడదీసి లోపల సూస్తానన్నాను. టీచరమ్మ ఫోన్లో సరేనంది. నాన్నే — "ముట్టుకున్నావంటే సూడు!" ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. ఎందుకో...

జూన్ 11
తీసేసాను. నాన్న సాలూరు పెళ్లికెళ్లిన పూట సూసి. దొంగపనే. అయినా తీసాను.
ఓలమ్మో, ఎంత పలచన! మా గాటులో సగం లేదు. లోపల అడుగున నిలువుగా పగులు. దానిమీద సెక్క బిళ్ళ అతికించి ఉన్నాది. అది వీణలు సేసే పనస కాదు. తాత సేతిపని అసలే కాదు.

జూన్ 12
నాన్న సూసాడు. తిట్టలేదు. బిళ్ళమీద వేలెట్టి కూకుండిపోయాడు.
"పలక అతక్కముందు ఈ కుండ నేనే పడేసినాను. పదారేళ్లప్పుడు. మా అయ్యకి సెప్పకుండా బిళ్ళ అతికి, పలక మూసేసినాను."
మరి కొలత సెక్క?
"అయ్య పోయాక నేనే కోసినాను. పలచన సేస్తే మళ్లీ పగిలిపోద్దేమోనని..."
ఒళ్లు మండిపోయింది. ఊరందరికీ తాత కొలతని సెప్పుకున్నాం! అన్నం పళ్లెం ముందెట్టి లోపలికెళ్లిపోయాను.

జూన్ 15
బాగా ఆరిన పనస దుంగ ఒక్కటే ఉన్నాది. అది పగిలిందంటే ఇంకోటి ఆరడానికి ఏళ్లు పడతాది. టీచరమ్మకి డెబ్బై ఆరు.
నాన్న: "నీ ఇష్టం. నన్నడక్కు."
అడగను. ఆ సెక్క ముట్టను. పలచనే సేస్తాను.

జూన్ 22
తొలుస్తన్నాను. పాత కుండ పక్కనెట్టుకుని, ప్రతి అంగుళం వేళ్లతో పట్టి సూసుకుంటా. తాతది ఎడమ పక్క ఇంకా పలచన. పొరపాటా, కావాలనా? తెలీదు. ఉన్నదున్నట్టే సేస్తాను.

జూన్ 27
భుజం లాగేస్తన్నాది. పగల్లేదు. పగల్లేదు!

జులై 10
పలక అతికాను. ఒక్క తీగ కట్టి మీటాను. నాదం ఆగదే! పెరట్లో పళ్లు తోముకుంటన్న నాన్న అలాగే నిలబడిపోయాడు.
కానీ మెట్లు లేకుండా అది వీణ కాదు. మైనంలో మెట్టు స్వరానికి నిలబెట్టే సెవి మా ఇంట్లో నాన్నదే. నేను పెడితే అపస్వరమే, ఎన్నిసార్లు సూడలేదు! అడగనని రాసుకున్నాను. అడగాలి.

జులై 11
అడిగాను. వీణ కాడ కూకుని, తీగ మీటి, సెవి ఆనించాడు. కళ్లంట నీళ్లు. "మా అయ్యదే..." అని లేచెళ్లిపోయాడు.

జులై 13
పొద్దున్నే తనే మైనం కరిగించాడు. ఇరవై నాలుగింటిలో మొదటి మెట్టు నిలబెట్టాడు. మీటాడు, జరిపాడు, మళ్లీ మీటాడు. ఉన్నట్టుండి సెయ్యి తీసేసాడు.
"ఒసే, నలభై ఏళ్లు మందంగా సేసి అమ్మినాను. కొన్నోళ్లంతా పిల్లలకి వాటిమీదే నేర్పతన్నారు. ఆళ్లకేటి సెప్పాలే?"
వాటిలో సగం నేను సేసినవే. రెండో మెట్టు తీసి సేతికిచ్చాను. తీసుకున్నాడు. పెట్టడం లేదు. మైనం గట్టిపడిపోతంటే గిన్నె మళ్లీ పొయ్యి మీదెట్టాను.