సుద్దగీత

జూన్ 1974, మంగళవారం

ఇవాళ కూడా కుడిచెయ్యి వణికింది. గంపలగూడెం ఆయన కొడుకు పెళ్లి చొక్కాకి తెచ్చిన గుడ్డ మీద సుద్దతో గీస్తుంటే గీత వంకరపోయింది. "ఏంటి మాస్టారూ, ఒంట్లో బాలేదా?" అన్నాడు. కాస్త జ్వరమని అబద్ధమాడాను.

రోజూ అయితే చేతిని తిట్టుకునేవాణ్ణి. ఇవాళ ఆయన వెళ్లాక, షాపుకొచ్చిన కొత్త మనిషిని చూసినట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాను. సుద్దముక్క పట్టుకుంటే వణుకుతోంది. పెద్ద కత్తెర పట్టుకుంటే ఆ బరువుకి కుదురుగా ఉంటోంది. ఇన్నాళ్లూ ఈ సంగతి గమనించనే లేదు.

కాజాలు కుడుతున్న నా భార్య ఫాతిమాతో, "చెయ్యి వణుకుతోంది" అన్నాను.

"సుద్ద ఇటివ్వండి" అంది, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా.

కొలతలు నేను చెప్పాను, తను గీసింది. నేను కత్తిరించాను. గుడ్డ చక్కగా తెగింది. సూది మాటేమిటో ఇంకా చూసుకోలేదు. రేపు చూడాలి. భయంగానే ఉంది.

సాయంత్రం టీ ఇచ్చింది. రంజాన్ నెల వెళ్లిన దగ్గర్నుంచీ నాకు సగం గ్లాసే పోస్తోంది, తాగాక మళ్లీ సగం. టీ చల్లారిపోకుండా అలా పోస్తోందనుకున్నాను. నిండు గ్లాసు నా చేతిలో తొణుకుతుందని తనకి అప్పుడే తెలుసు.