నీ ఫొటో ముందర బల్బు

మన లక్ష్మి వాళ్ల నాయనా,

ఎదురింటామెకు గ్రైండరు షాకు కొట్టిందని విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు. అందుకే ఎలక్ట్రీషియన్ బాషాను పిలిచి, ఎక్కడన్నా కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చి పెట్టించాను. ఆ రోజునుంచి సాయంత్రం నీ ఫొటోకు మాల వేసి, ముందరి బల్బు వేయగానే ఇల్లంతా చీకటి.

మళ్లీ బాషా వచ్చాడు. ఫ్రిజ్, మిక్సీ, మోటారు అన్నీ ఆపి చూశాడు. చివరికి నీ ఫొటో దగ్గర నిలబడి నవ్వాడు.

“అవ్వా, కరెంటు తీస్తాండేది మా తాతే.”

“బతికున్నన్నాళ్లూ గదిగదికీ తిరిగి లైట్లు ఆర్పడమే కదప్పా ఆయన పని.”

“పూలు వాడకుండా నువ్వు నీళ్లు చల్లుతాండావు. అవి బల్బు హోల్డరులోకి కారుతాండాయి. ఈ స్విచ్చి లేకుంటే ఈపాటికి నీకే షాకు కొట్టిండేది. తడి పూలన్నా మానుకో, బల్బన్నా తీసెయ్.”

మన ఎండలకు తడపని పూలు గంట కూడా నిలవవు. బల్బే తీయించాను. ఇప్పుడు నీకు చీకటవుతుందని ఇంకో దిగులు పట్టుకుంది. అందుకని తెల్లవార్లూ హాల్లో ట్యూబ్‌లైటు వేసే ఉంచుతున్నాను. చూడలేకపోతే నువ్వే లేచొచ్చి ఆర్పు.