రంగు కింద దాచిన పగుళ్లు

గృహనిర్మాణ శాఖ ఇంజనీరు గారికి,

అయ్యా,

విషయం: మూడో బ్లాకు బాల్కనీలకు "మరమ్మతు చాలు" అన్న నివేదికను రద్దుచేసి, మళ్లీ తనిఖీ చేయించుట గురించి.

1. తమ ఇన్‌స్పెక్టరు గారు రోడ్డు మీదే నిలబడి, తలెత్తి చూసి, "గట్టిగానే ఉన్నాయి, పైపూత చాలు" అని రాసుకుపోయినారు. వారు చూసినది కాంక్రీటు కాదు, రంగు. ఆ రంగు ముందురోజు మేమే వేసుకున్నాము. పగుళ్లలో సిమెంటు కూరి, తుప్పు మరకల మీద దుప్పట్లు ఆరేసినాము.

2. ఎందుకు దాచినారని తమరు అడగవచ్చును. రెండో బ్లాకువారు దాచలేదు. వారి బాల్కనీలు "మార్చవలసినవి" అని తేల్చి, కోసి తీసుకుపోయి, తలుపులకు అడ్డంగా ఇటుకలు పేర్చినారు. కొత్తవి నేటికీ రాలేదు. ఆ ఇళ్లలోకి గాలీ రాలేదు.

3. కుళ్లినదానికి అతుకు వేయడం ప్రజలను మోసగించడమేనని నేను కరపత్రాలలో చదివినాను, నమ్మినాను. ఆ మాటే ఇంట్లో అన్నాను. మా నాయనమ్మకు ఉబ్బసం. గదిలో ఊపిరాడక పగలంతా బాల్కనీలోనే కుర్చీ వేసుకుంటుంది. "ఒరేయ్, నీ విప్లవం నా కుర్చీ కిందే మొదలవ్వాలా?" అన్నది. ఆ బాల్కనీ నీడలోనే కింద మిషను పెట్టుకున్న దర్జీ మామయ్యను అడిగితే, "అది ఊడితే నా నెత్తిన పడుతుంది. పీకేస్తే ఎండ నా నెత్తిన పడుతుంది. ఏది పడాలో మీ ఆఫీసరునే తేల్చమను అల్లుడూ" అన్నాడు.

4. కావున పెచ్చు కొట్టించి, లోపలి ఇనుప చువ్వలు చూసి తేల్చవలెను. చువ్వ గట్టిగా ఉంటే మరమ్మతు చేయండి, నేను నోరు మూసుకుంటాను. తుప్పు తినేసి ఉంటే మార్చండి. కాని పాతది కోయకముందే కొత్తది కట్టే తేదీ ఉత్తర్వులో వేయవలెను. అంతవరకు కింద ఊతకర్రలైనా నిలబెట్టించండి.

5. ఈ గుట్టు విప్పినందుకు మా బ్లాకంతా నన్ను తిడుతుంది. తిట్టనీయండి. తిట్టడానికైనా వాళ్లు బతికుండాలి కదా.

ఇదంతా చిత్తగించి, ఈసారి రోడ్డు మీద ఆగిపోక మా గుమ్మం దాటి వచ్చి చూడవలెను.

ఓపిక ఉన్నంతవరకు తమ విధేయుడు,
మొదటి అంతస్తు కుర్రవాడు

తా.క.: సంతకం పెడుతుండగా మా బాల్కనీ అడుగున పెచ్చు ఊడి దర్జీ మామయ్య మిషను మీద పడింది. ఆయన టీ తాగడానికి పోయాడు కాబట్టి చక్రం ఒక్కటే విరిగింది. నాయనమ్మను లోపలికి రమ్మని బతిమాలాను. రాలేదు. కుర్చీని గోడవైపు జానెడు జరుపుకుంది. ఈ విషయంలో ఇంతవరకు ఎవరైనా తీసుకున్న చర్య అదొక్కటే.